గేమ్ చాట్‌లో ఇంగ్లీషు స్పెల్లింగ్: ఏవి దిద్దుకోవాలి, ఏవి వదిలేయాలి

గేమ్ ఆడుతూ చాట్‌లో కొట్టే ఇంగ్లీషును పరీక్ష పేపరులా దిద్దుకోనక్కర్లేదు. అవతలి జట్టు మీదికి వచ్చేశాక మీరు కామా పెట్టారా లేదా అని ఎవరూ చూడరు. చూసేది ఒక్కటే: మీరు రాసింది జట్టులోవాళ్లకు ఒక్క చూపులో అర్థమైందా, దానికి తగ్గట్టు కదిలారా. డ్యామేజ్ అనే మాటలో ఒక ఎమ్ ఎక్కువ పడినా అది డ్యామేజే అని ఎవరికైనా తెలుస్తుంది, దాన్ని వదిలేయొచ్చు. చిక్కల్లా ఇంకో రకం తప్పులతోనే. ఒక్క అక్షరం అటూ ఇటూ అవగానే అవి ఇంకో అసలైన ఇంగ్లీషు మాటగా మారిపోతాయి. వాటి కింద ఎర్రగీత పడదు, ఫోన్ సరిచేయదు, చదివినవాళ్లు మాత్రం వేరేలా అర్థం చేసుకుంటారు. ముందు వాటి పని పట్టాలి.

స్పెల్లింగులు చెప్పాలి కాబట్టి ఇంగ్లీషు అక్షరాలను ఫోన్‌లో ఎవరికైనా చెప్పినట్టు విడివిడిగా రాస్తున్నాను. క్యాట్ అంటే సీ-ఏ-టీ, అలాగన్నమాట. చదువుతూ ప్రతి స్పెల్లింగునూ ఒకసారి మీ కీబోర్డు మీద కొట్టి చూడండి. చాట్‌లో పనిచేసేది వేళ్లే, అలవాటు కావాల్సిందీ వాటికే.

ముందు మీ తప్పులు మీరు ఏరుకోండి

లోకంలో ఉన్న తప్పులన్నీ నేర్చుకోవడం దండగ. మీవి ఏవో మీకు తెలిస్తే చాలు. అందుకు మీ పాత చాట్ చదవాలి. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో చాట్ పెట్టెలో స్లాష్ కొట్టి, దాని పక్కనే ఖాళీ లేకుండా చాట్‌లాగ్ అని ఇంగ్లీషులో రాసి ఎంటర్ నొక్కితే, అప్పటి నుంచి చాట్ అంతా గేమ్ తాలూకు లాగ్స్ ఫోల్డరులో టెక్స్ట్ ఫైలుగా చేరుతుంది. మళ్లీ అదే కొడితే ఆగిపోతుంది. మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్‌లో అయితే ఏమీ నొక్కక్కర్లేదు, లాగ్స్ ఫోల్డరులో లేటెస్ట్ అనే పేరున్న ఫైలు తెరిస్తే చాట్ వరసలు కనిపిస్తాయి. గేమర్లు మాట్లాడుకునే డిస్కార్డ్ యాప్‌లో రాస్తుంటే వెతికే చోట ఫ్రమ్ అని కొట్టి, కోలన్ పెట్టి, మీ పేరు ఇవ్వండి. మీరు రాసినవే వస్తాయి. చాట్ దాచుకునే దారి లేని మొబైల్ గేముల్లో మ్యాచ్ అయిపోగానే స్క్రీన్‌షాట్ తీసుకోవడమే.

నాలుగైదు మ్యాచ్‌ల చాట్ చాలు. చదివేటప్పుడు ఒక తేడా గమనించండి. ఒకే మాటను ఒకసారి తప్పుగా, ఇంకోసారి సరిగ్గా రాసి ఉంటే అది వేలు జారడం. వేగం తగ్గితే అదే పోతుంది, దాని గురించి బెంగ అక్కర్లేదు. ప్రతిసారీ ఒకేలా తప్పు రాశారంటే మాత్రం ఆ మాట స్పెల్లింగ్ మీ మనసులోనే అలా ఉండిపోయింది. కాగితం మీద రాసుకోవాల్సింది ఈ రెండో రకాన్నే. చాలామందికి ఈ జాబితా పది మాటలు కూడా దాటదు.

తప్పులు కానివాటిని పక్కన పెట్టండి

జీ-జీ అంటే మంచి ఆట, ఏ-ఎఫ్-కే అంటే కీబోర్డు దగ్గర లేను, ఓ-ఓ-ఎమ్ అంటే మానా, అంటే గేములో మంత్రాలకు ఖర్చయ్యే శక్తి, అయిపోయింది. ఇలాంటి పొట్టి మాటలు తప్పులు కావు, చాట్‌కు అవే అసలు భాష. వాటిని విడదీసి పూర్తి వాక్యాలుగా రాస్తే చదివేవాళ్లకే ఆలస్యం. పీ-డబ్ల్యూ-ఎన్ అని కనిపించినా దిద్దబోకండి. చిత్తుగా ఓడించడం అనే అర్థంలో వాడే ఓన్ అన్న మాట అది. కీబోర్డు మీద ఓ పక్కనే పీ ఉంటుంది కాబట్టి వేలు జారి పుట్టిన రూపమనే ఎక్కువమంది చెబుతారు. తరువాత కావాలనే అలా రాయడం వాడుకైంది. టీ-ఈ-హెచ్ అనేది కూడా అలాంటిదే.

బ్రిటిష్, అమెరికన్ తేడాలూ తప్పులు కావు. ఆర్మర్ చివర ఓ-ఆర్ రాసినా ఓ-యూ-ఆర్ రాసినా సరే. డిఫెన్స్‌లో ఎస్ ఉన్నా సీ ఉన్నా సరే. ఒక్క చోట మాత్రం జాగ్రత్త పడాలి: గేమ్‌కు మీరిచ్చే కమాండ్లలో. మైన్‌క్రాఫ్ట్ కమాండ్లలో వస్తువుల పేర్లు అమెరికన్ పద్ధతిలో ఉంటాయి. ఆర్మర్‌కు ఓ-ఆర్, బూడిదరంగుకు జీ-ఆర్-ఏ-వై అని కొట్టాలి. అక్కడ జీ-ఆర్-ఈ-వై అని రాస్తే మీ ఇంగ్లీషు సరైనదే అయినా గేమ్ మాత్రం అలాంటి వస్తువు లేదంటుంది.

చెవిని నమ్మి రాసే చోటే ఎక్కువ తప్పులు

తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టే అలవాటు మనందరికీ ఉంది. దీర్ఘం ఈ రావాలంటే రెండు ఈలు, దీర్ఘం ఊ రావాలంటే రెండు ఓలు. రోజూ కొట్టే ఆ పద్ధతే ఇంగ్లీషు మాటల్లోకీ జొరబడుతుంది. మన తప్పుల్లో పెద్ద గుత్తి ఇక్కడే ఉంది, కాబట్టి ఇక్కడ కొంచెం నిదానించండి.

హీల్ అని వినగానే వేళ్లు హెచ్-ఈ-ఈ-ఎల్ కొట్టేస్తాయి. అది కాలి మడమ. ప్రాణం నింపమని అడగాలంటే హెచ్-ఈ-ఏ-ఎల్. దీన్ని బట్టీ పట్టక్కర్లేదు, స్క్రీన్ మీదే ఉంది. హెల్త్ అనే మాట స్పెల్లింగ్ చూడండి, మొదటి నాలుగు అక్షరాలూ ఇవే. స్టీల్ కూడా అంతే. రెండు ఈలు పెడితే ఉక్కు, ఈ-ఏ పెడితే దొంగిలించడం. స్టెల్త్ అనే మాటలో మొదటి ఐదు అక్షరాలు తీసుకుంటే దొంగిలించే స్టీల్ వచ్చేస్తుంది. ఉక్కు కవచాలూ దొంగతనాలూ రెండూ ఉండే గేముల్లో ఈ తేడా రోజూ అవసరం పడుతుంది. టీమ్, రియల్, లీడ్, లీవ్, బీట్ కూడా ఈ-ఏతో రాసేవే. లీవ్ సంగతి ముఖ్యం. ఎల్-ఈ-ఏ-వీ-ఈ అంటే వెళ్లిపో, ఎల్-ఐ-వీ-ఈ అంటే బతుకు. జట్టులో మిగిలిన ఒక్కడిని బతికి ఉండమని చెప్పబోయి మ్యాచ్ వదిలి వెళ్లిపొమ్మనకండి.

దీర్ఘం ఊ దగ్గర అందరికీ దొరికే తప్పు లూజ్. ఓడిపోవడం ఎల్-ఓ-ఎస్-ఈ, ఒక్క ఓ. రెండు ఓలు పెడితే వదులుగా ఉండటం. ఇంగ్లీషులో మొదటిది లూజ్, రెండోది లూస్ అని పలుకుతారు. మనం వదులుగా ఉన్నదాన్ని కూడా లూజు అనే అంటాం కాబట్టి చెవి సాయం చేయదు. ఓడిపోయాం అనడానికి వాడే లాస్ట్‌లో ఎన్ని ఓలున్నాయి? ఒక్కటే. లూజ్‌లోనూ ఒక్కటే. విల్లుతో ఆడే గేముల్లో రెండు ఓల మాటకూ పని ఉంది, బాణం విడవడాన్ని అలాగే రాస్తారు. మూవ్, గ్రూప్ లాంటి వాటిలో రెండు ఓలు పెట్టినా ఇంకో మాట పుట్టదు కాబట్టి తీరిగ్గా మార్చుకోవచ్చు.

మన వ ఒక్కటే, ఇంగ్లీషులో వీ, డబ్ల్యూ రెండు. వారియర్, వెపన్, వెయిట్, వార్డ్, విస్పర్ మొదలయ్యేది డబ్ల్యూతో. విజన్, విక్టరీ, వాయిడ్, వాల్ట్ మొదలయ్యేది వీతో. వేవ్‌లో మొదట డబ్ల్యూ, మధ్యలో వీ. ఆగమనే వెయిట్ డబ్ల్యూ-ఏ-ఐ-టీ. బరువు అనే వెయిట్‌లో జీ-హెచ్ కూడా ఉంటుంది, అది చాట్‌లో దాదాపు అవసరం రాదు.

జట్టు కదలికను తిప్పేసే మాటలు

షూటర్ గేముల్లో రోజంతా వినపడేది పీక్. గోడ చాటు నుంచి తల బయటపెట్టి చూడటం పీ-ఈ-ఈ-కే. పీ-ఈ-ఏ-కే అంటే శిఖరం. ఇందాక హీల్‌లో రెండు ఈలు వద్దన్నాను, ఇక్కడ రెండు ఈలే కావాలి. చూడటానికి రెండు కళ్లు, రాయడానికి రెండు ఈలు అనుకుంటే మరిచిపోరు.

కౌంటర్-స్ట్రైక్‌లో బాంబు పెట్టాక 40 సెకన్లకు పేలుతుంది. దాన్ని ఆపడానికి కిట్ లేకపోతే 10 సెకన్లు, ఉంటే 5 సెకన్లు పడుతుంది. ఆ వేళ చాట్‌లో పడే మాట డిఫ్యూజ్: డీ-ఈ-ఎఫ్-యూ-ఎస్-ఈ. దీని లోపల ఫ్యూజు ఉంది, ఫ్యూజు తీసేయడమే పని. డీ-ఐ-ఎఫ్-ఎఫ్ అని మొదలుపెడితే వెదజల్లడం అనే వేరే మాట అవుతుంది. పాత ఆటగాళ్లు ఎలా రాసినా గ్రహిస్తారు. కానీ ఇంగ్లీషు కొత్తగా నేర్చుకుంటున్న వేరే దేశం కుర్రాడు మీ జట్టులో ఉండొచ్చు, అతనికి నిఘంటువులో ఉన్న మాటే దిక్కు.

సైట్ ఇంకా చిక్కుది. బాంబు పెట్టే చోటు ఎస్-ఐ-టీ-ఈ. తుపాకీ మీద గురి చూసుకునేది, కంటికి కనపడటం, ఈ రెండూ ఎస్-ఐ-జీ-హెచ్-టీ. సర్వైవల్ గేముల్లో కనిపిస్తే చంపేయ్ అనే హెచ్చరికను కే-ఓ-ఎస్ అని కుదిస్తారు. పూర్తిగా రాయాల్సి వస్తే చివరి మాటలో జీ-హెచ్ తప్పకుండా ఉండాలి. అది లేకపోతే ఆ చోటనే చంపేయ్ అన్నట్టు అవుతుంది.

ఇప్పుడు అన్నింటికంటే చిన్నవి, అన్నింటికంటే ఎక్కువ ముంచేవి. నౌ అంటే ఇప్పుడు, ఎన్-ఓ-డబ్ల్యూ. పుష్ నౌ అని రాయబోయి చివరి డబ్ల్యూ పడకపోతే పుష్ నో అవుతుంది. ముందుకు వెళ్లాలనుకున్న జట్టులో సగం ఆగిపోతుంది, సగం వెళ్తుంది. వెళ్లినవాళ్లు చస్తారు. తెలుసు అనే నో ముందు కే ఉంటుంది, చివర డబ్ల్యూ ఉంటుంది. కాన్ట్ కూడా ఇలాంటిదే: చివరి టీ జారిపోతే చేయలేను అన్నది చేయగలను అయిపోతుంది. ఫోన్ మీద ఆడేవాళ్లకు ఇది మరీ తరచుగా జరుగుతుంది. దీనికి స్పెల్లింగ్ నేర్చుకోవడం కాదు మందు, ఆ మాటలే వాడకపోవడం. పుష్ నౌ బదులు గో అనండి. హీల్ చేయలేను అనడానికి నో హీల్ అని కొట్టండి. ఒక అక్షరం పడకపోతే అర్థం తిరగబడే మాటను ఆదేశంగా ఎప్పుడూ వాడొద్దు.

క్విట్, క్వైట్, క్వయెట్ ముగ్గురు అన్నదమ్ములు. ఆట మానేయడం క్యూ-యూ-ఐ-టీ. దాని చివర ఈ చేరితే బాగా, చాలా అనే అర్థం. నిశ్శబ్దంగా ఉండమనాలంటే ఈ ముందు, టీ వెనక: క్యూ-యూ-ఐ-ఈ-టీ. అడుగుల చప్పుడు వినాల్సిన గేముల్లో ఈ మూడోది సరిగ్గా రావాలి.

ఆఫ్‌లు కూడా రెండు. పాయింట్ మీద నుంచి పక్కకు రమ్మనాలంటే రెండు ఎఫ్‌లు ఉండాలి, ఒక్కటే ఉంటే యొక్క అనే అర్థం. బ్రేక్ కూడా అంతే: పగలగొట్టడం ఈ-ఏతో, బండి ఆపే బ్రేకు ఏ-కే-ఈతో.

పాత్రల పేర్లు, ఆయుధాల పేర్లు

ఇక్కడ తప్పు రాస్తే నవ్వుతారు, అంతకంటే ముఖ్యంగా వెతికితే దొరకవు. వేలంపాటలో గానీ మార్కెట్‌లో గానీ పేరు కొట్టి వెతికే గేముల్లో ఒక్క అక్షరం తేడా ఉన్నా వస్తువు కనపడకపోవచ్చు. మీరు అమ్మే సరుకు గురించి ట్రేడ్ చాట్‌లో తప్పు పేరు రాస్తే, ఆ పేరు కోసం కాచుకున్నవాళ్లకు కూడా అది చేరదు.

అందరికంటే ప్రసిద్ధుడు రోగ్. చాటుమాటుగా పొడిచే ఈ పాత్ర ఆర్-ఓ-జీ-యూ-ఈ. జీ, యూ తారుమారైతే రూజ్ అవుతుంది. ఫ్రెంచిలో ఎరుపు, ఇంగ్లీషులో బుగ్గలకు రాసుకునే రంగు. లీగ్ అనే మాట మీకు వచ్చు కదా, దాని చివరి మూడు అక్షరాలే రోగ్ చివర కూడా. 1980లో వచ్చిన రోగ్ అనే గేమ్ పేరు మీదుగానే రోగ్‌లైక్ అనే రకం ఏర్పడింది, దాన్ని రాసేటప్పుడూ ఇదే తారుమారు జరుగుతుంటుంది. సోనిక్ గేముల్లో 2001 నుంచి ఉన్న గబ్బిలం పాత్ర పేరు మాత్రం నిజంగా రూజే, దాన్ని దిద్దకండి.

షీల్డ్, సీజ్, ఫీల్డ్, వీల్డ్: నాలుగింటిలోనూ ఐ ముందు, ఈ వెనక. కోటను ముట్టడించే సీజ్ ఎస్-ఐ-ఈ-జీ-ఈ. కానీ స్వాధీనం చేసుకోవడం అనే సీజ్‌లో ఈ ముందు వస్తుంది, చివర జెడ్-ఈ. ఇది నియమానికి లొంగదు, విడిగా గుర్తుపెట్టుకోవాలి.

ఇద్దరి మధ్య పోరు డీ-యూ-ఈ-ఎల్, రెండు చేతుల్లో రెండు ఆయుధాలు డీ-యూ-ఏ-ఎల్. ఎనిమీ మొదలయ్యేది ఈతో, పోరు డ్యూయెల్‌లోనూ ఈ ఉంటుంది. జట్టులో మీ పాత్ర రోల్ ఆర్-ఓ-ఎల్-ఈ, పాచిక వేసే రోల్ రెండు ఎల్‌లతో. గుర్రపు దళం క్యావల్రీలో వీ తరువాతే ఎల్ రావాలి. ఎల్ ముందుకొస్తే అది ఏసును సిలువ వేసిన కల్వరి కొండ. వ్యూహాల గేములు ఆడేవాళ్లలో ఇది ఎంత సాధారణమో చెప్పలేను. సోల్జర్‌లో డీ తరువాత ఐ, ఈ, ఆర్ వరసగా వస్తాయి. ఐ ముందుకు జరిగితే ఇంకా గట్టిది అనే అర్థం వస్తుంది. ఇక వరసలో నిలబడే క్యూ స్పెల్లింగ్‌తో కుస్తీ పట్టకండి. క్యూ అనే ఒక్క అక్షరం కొట్టినా అందరికీ తెలుస్తుంది.

అసాసిన్‌లో రెండు చోట్ల రెండేసి ఎస్‌లు ఉంటాయి. సరిగ్గా రాసినా కొన్ని గేముల్లో చుక్కలు పడి కనిపించవచ్చు. మీ తప్పు కాదు. ఆ మాట లోపల బూతు మాట అక్షరాలు దాగి ఉన్నాయని మొరటు ఫిల్టర్ అనుకుంటుంది. 1996లో ఏఓఎల్ అనే ఇంటర్నెట్ కంపెనీ ఫిల్టర్ ఇంగ్లండ్‌లోని స్కన్‌థార్ప్ ఊరివాళ్లను ఇలాగే ఖాతాలు తెరవనివ్వలేదు. ఈ రకం చిక్కుకు ఇప్పటికీ ఆ ఊరి పేరే వాడుతున్నారు.

ఫిల్టర్ సంగతి వచ్చింది కాబట్టి ఒక గట్టి హెచ్చరిక. రమ్మని పిలిచే కమ్ ఎప్పుడూ సీ-ఓ-ఎమ్-ఈ, నాలుగు అక్షరాలూ ఉండాలి. తొందరలో సీ-యూ-ఎమ్ అని కుదించే అలవాటు చాలామందికి ఉంది. ఇంగ్లీషులో అది పచ్చి బూతు. అవతల ఎవరున్నారో తెలియని చోట, చిన్నపిల్లలు కూడా ఆడే చోట ఆ మాట పడితే మీ ఉద్దేశం ఎంత మంచిదైనా రిపోర్ట్ కొట్టేవాళ్లు ఉంటారు. మీ జాబితాలో ఈ ఒక్క తప్పు ఉంటే మిగతావన్నీ ఆపి ముందు దీన్ని మానేయండి.

వ్యాకరణం జంటలు

మీ అనే యువర్, మీరు అనే యు ఆర్ కుదింపు. వాళ్ల, అక్కడ, వాళ్లు అనే మూడు దేర్‌లు. మ్యాచ్ మధ్యలో వీటిని తారుమారు చేసినా జట్టుకు నష్టం లేదు. గిల్డ్‌లో, అంటే ఆటగాళ్ల సంఘంలో, చేరడానికి దరఖాస్తు రాసేటప్పుడు, కొత్తవాళ్లకు నియమాలు రాసేటప్పుడు మాత్రం చూసుకోండి. రెండు మాటలుగా విడదీసి చదివితే వాక్యం నిలబడుతుందా? నిలబడితే పైన చుక్క కామా (అపాస్ట్రఫీ) పెట్టండి, లేకపోతే వద్దు. దెన్, దాన్ సంగతి: పోలికకు ఏ, తరువాత అనడానికి ఈ. కుడ్ తరువాత ఆఫ్ అని ఎప్పుడూ రాకూడదు, అది హ్యావ్. వేగంగా పలికినప్పుడు ఆఫ్‌లా వినపడుతుంది, అంతే.

కీబోర్డును మీ దారికి తెచ్చుకోండి

ఫోన్ కీబోర్డుకు గేమ్ మాటలు తెలియవు. మానా, గ్యాంక్, నెర్ఫ్ లాంటివి కొడితే తనకు తెలిసిన మాటకు మార్చేస్తుంది. డెఫినిట్లీని తప్పుగా కొడితే డిఫయంట్లీ చేసి పెడుతుంది. తప్పకుండా వస్తాను అన్నది ఎదురుతిరిగి వస్తాను అవుతుంది. గూగుల్ కీబోర్డు జీబోర్డ్‌లో సెట్టింగ్స్ నుంచి డిక్షనరీకి, అక్కడి నుంచి పర్సనల్ డిక్షనరీకి వెళ్లి మీ గేమ్ మాటలు చేర్చండి. అక్కడే ఒక్కో మాటకు షార్ట్‌కట్ కూడా ఇవ్వొచ్చు. ఐఫోన్‌లో ఇదే పని జనరల్, కీబోర్డ్, టెక్స్ట్ రీప్లేస్‌మెంట్ దారిలో ఉంటుంది. మీరు ప్రతిసారీ తప్పు రాసే రూపాన్నే షార్ట్‌కట్‌గా ఇచ్చి, సరైన రూపాన్ని ఎదురుగా పెట్టండి. మీరు తప్పు కొట్టినా సరైనదే పడుతుంది. ఒక షరతు: మీ తప్పు రూపం ఇంకో అసలు మాట అయితే ఇలా చేయకండి. పీక్‌కు చేస్తే శిఖరం గురించి ఇక ఎప్పుడూ రాయలేరు.

కంప్యూటర్ మీద వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆడేవాళ్లు తరచుగా చెప్పే ఆదేశాలను మాక్రోలుగా, అంటే ఒక్క బటన్‌తో వెళ్లేలా ముందే రాసిపెట్టుకోవచ్చు, ఒక్కోదానిలో 255 అక్షరాలు పడతాయి. తీరిగ్గా ఒకసారి సరిగ్గా రాస్తే ఆ తరువాత బటన్ నొక్కడమే. రాకెట్ లీగ్‌లో ముందే రాసి ఉంచిన క్విక్ చాట్ ఉంది. 2019లో వచ్చిన ఎపెక్స్ లెజెండ్స్‌లో పింగ్, అంటే బటన్ నొక్కి జట్టుకు చోటు చూపించే గుర్తు, ఎంత వివరంగా ఉంటుందంటే, శత్రువు ఎక్కడున్నాడో ఒక్క మాట కూడా రాయకుండా చూపించొచ్చు. ఇలాంటివి ఉన్న గేముల్లో అవే వాడండి. రాయకుండా చెప్పగలిగితే అంతకంటే మంచి స్పెల్లింగ్ లేదు.

తప్పు పడ్డాక

పంపేసిన మాటను చాలా గేముల్లో వెనక్కి తీసుకోలేం. వెంటనే ఒక నక్షత్రం గుర్తు పెట్టి పక్కన సరైన మాట ఒక్కటే కొట్టండి, ఇది అందరికీ తెలిసిన పద్ధతి. వాక్యమంతా మళ్లీ రాయొద్దు, క్షమాపణలు చెప్పొద్దు, అవి చదివేలోపు ఎవరో ఒకరు చస్తారు. అర్థం మారని తప్పుకు ఈ నక్షత్రం కూడా అక్కర్లేదు.

ఎదుటివాళ్ల స్పెల్లింగును మ్యాచ్ నడుస్తుండగా దిద్దకండి, నక్షత్రంతో అసలే దిద్దకండి. పది మంది ముందు అలా చేస్తే ఆ మనిషి ఇక చాట్‌లో నోరు విప్పడు. స్పెల్లింగ్ తప్పుతో అయినా శత్రువు వెనక ఉన్నాడని చెప్పే మనిషి, ఏమీ చెప్పని మనిషి కంటే జట్టుకు ఎన్నో రెట్లు మేలు. చెప్పి తీరాల్సిన తప్పు అయితే, ఉదాహరణకు ఆ కమ్ సంగతే అయితే, మ్యాచ్ అయ్యాక విస్పర్‌లో ఆ ఒక్కరికే, అది బూతని తెలియక రాసినట్టున్నారు, ఇలా రాయండి అని సరైన స్పెల్లింగ్ ఇచ్చి ఊరుకోండి.